రాహేలమ్మ సిస్టరూ పట్టపగటి దయ్యమూ

మొన్న ఎండలు ముదిరాయని నిజామాబాద్ బజారులో మంచినీళ్ళ కుండ కొందామని ఆగాను. అమ్మే ఆమె ఒకదాన్ని ఎడమ అరచేతిలో నిలబెట్టి, కుడిచేతి వేలి కణుపుతో తట్టింది. "ఇనుర్రి అమ్మా, ఎట్ల మోగుతున్నదో. సన్న పగులు గూడ లేదు" అన్నది. ఠంగుమని మోగింది, మంచి కుండే. నేను మాత్రం చేతిలోని సంచిని గుండెకు అదుముకొని నిలబడిపోయాను. మండుటెండలో నా చేతుల మీద వెంట్రుకలు నిక్కబొడుచుకున్నాయి. ఆమె మళ్ళీ తట్టబోతుంటే "వద్దమ్మా, తట్టకు" అని కొంచెం గట్టిగానే అన్నట్టున్నాను, పక్కవాళ్ళు తిరిగి చూశారు. కుండ కొనకుండానే ఇంటికి వచ్చాను. "కుండకు భయపడేటోళ్లను మిమ్మల్నే చూసిన అత్తమ్మా" అని మా కోడలు పకపకా నవ్వింది. నవ్వనీ. ఆమెకు రాహేలమ్మ సిస్టర్ తెలియదు. చెరుకు కొట్టేవాళ్ళ గుడిసెల్లో పట్టపగలు కుండలు తట్టుకుంటూ తిరిగిన దయ్యమూ తెలియదు.

రాహేలమ్మ సిస్టర్ నా పై అధికారి. అరవైల చివర్లో నేను నర్సు శిక్షణ ముగించి బోధన్ అవతల చెరుకు ఊళ్ళలో ఒక ఆరోగ్య ఉపకేంద్రంలో చేరినప్పుడు ఆమె హెల్త్ విజిటర్. నిజామాబాద్‌లో ఒక క్రైస్తవ కుటుంబం ఆమెది. తెల్లచీర, మగవాళ్ళు పట్టుకునే పెద్ద నల్ల గొడుగు, బుగ్గన ఎప్పుడూ ఒక వక్కపలుకు. గొంతు ఎంత పెద్దదంటే నిజాంసాగర్ కాలువ ఇవతలి గట్టున ఆమె ఎవరినైనా కేకేస్తే అవతలి గట్టున బండి ఎద్దులు ఆగిపోయేవి. పొద్దున చాయ్ తాగకముందు ఆమెను పలకరించడం కొరివితో తల గోక్కోవడమే. నేను చేరిన రోజున నా కొత్త చెప్పులు చూసి, "ఏందే సుగుణా, పెండ్లికొచ్చినవా, నౌకరికొచ్చినవా? గివ్వి కాలువ గట్టు మీద ఆగుతయా?" అన్నది. ఆ వారంలోనే తెగాయి. చలిజ్వరం పట్టిన ఇంటికి వెళితే ఆమె ముందు రోగిని చూసేది కాదు, ఇంటి వెనక్కి పోయి నీళ్ళు ఎక్కడ నిలిచాయో చూసేది. "జరం మనిషిల లేదు పిల్లా, గుంటల ఉన్నది. మనిషికి గోలి ఇయ్యి, గుంటల మట్టి పొయ్యి" అనేది. ఆ ఉద్యోగంలో నేను నేర్చుకున్న మొదటి పాఠం అదే.

కోతలు మొదలయ్యాయంటే సరిహద్దు ఊళ్ళ నుంచి, మరాఠీ తెలుగు కలగలిపి మాట్లాడే కూలీ కుటుంబాలు బండ్ల మీద వచ్చి దిగేవి. కాలువ గట్టు కింద చెరుకాకుతో గుడిసెలు వేసుకునేవారు. వాళ్ళను కుదిర్చి తెచ్చే మేస్త్రీని ముకద్దం అంటారు. ముకద్దం లెక్క మనుషుల్లో ఉండదు, కొడవళ్ళలో ఉంటుంది. మొగుడు చెరుకు కొడతాడు, పెళ్ళాం ఆకు ఒలిచి మోపు కడుతుంది, ఇద్దరూ కలిస్తే ఒక కొడవలి. పెళ్ళాం ఒక్కపూట ఇంటిపట్టున ఉండిపోయిందా, ఆ రోజుకి ఆ కొడవలి లేనట్టే. అందుకని బాలింతలు కూడా చెరుకులోకి వెళ్ళవలసిందే. చంటిపిల్లలను వెంట తీసుకుపోయి నీడన పడుకోబెట్టేవారు. నడిచే ఈడు పిల్లలు గుడిసెల్లోనే ఉండేవారు, చీకటితో పోయిన తల్లి మళ్ళీ చీకటి పడ్డాక వచ్చేదాకా. పెద్దదిక్కు ఎవరూ ఉండరు. కావలికని ముకద్దం బామ్మర్ది ఒకడు పగలంతా గుడిసెల మధ్య తిరిగేవాడు. అతనికి ఒక పేరుంది. నేను రాయను.

నేను చేరడానికి ముందు ఏడు ఆ గుడిసెల్లో వాంతులూ భేదులూ పట్టుకొని పసివాళ్ళు పోయారట. నిలవనీళ్ళే కారణమని సిస్టర్ కనిపెట్టింది. గుడిసె గుడిసెకూ తిరిగి తల్లులకు ఒకటే పాఠం చెప్పింది. పనికి పోయేముందు కుండ వంపేయాలి, బూడిదతో తోమాలి, గుమ్మం బయట రాయి మీద ఎండకు బోర్లించి పోవాలి. పిల్లలు గుడిసెల నడుమ మూతపెట్టిన డ్రమ్ము నీళ్ళే తాగాలి. తిట్టింది, బతిమాలింది, తానే కూర్చొని తోమి చూపించింది. జబ్బు ఆగింది. నన్ను మొదటిసారి అక్కడికి తీసుకుపోయినప్పుడు ఆమె చూపించింది ఆ కుండలనే. గుమ్మాల ముందు రాళ్ళ మీద ఎర్రగా బోర్లించి ఉన్నాయి. "సూడు సుగుణా, గివ్విటిని చూస్తే అన్నం తినకున్న నాకు కడుపు నిండుతది" అని మురిసిపోయింది. ఒంట్లో బాగాలేక ఎవరైనా ఇంట్లో ఉండిపోతే ఆ ఇంటి కుండ లోపలే ఉండేది. బయట కుండ బోర్లించి ఉందంటే తల్లి పనికి పోయిందన్నమాట. మాకూ అది సులువయింది, ఏ గుడిసెకు మళ్ళీ రావాలో గట్టు మీద నుంచే తెలిసేది.

మధ్యాహ్నం పూట ఆ గుడిసెల మధ్య నడిచినట్టు నాకు ఇప్పటికీ కల వస్తుంది. పిల్లలున్న చోట గోల ఉండాలి. అక్కడ ఉండేది కాదు. చుట్టూ మనిషెత్తు దాటిన చెరుకు, గాలి లేకపోయినా ఎక్కడో ఒకచోట ఆకు ఆకును రాసుకుంటూ ఉండేది. లోపలెక్కడో చెరుకు తెగుతున్న చప్పుడు వినిపించేది గానీ మనుషులు కనిపించేవారు కాదు. పిల్లలు గుడిసెలో వెనకగోడకు ఆనుకొని, గుమ్మం వైపు చూస్తూ కూర్చునేవారు. మా నీడ పడగానే కళ్ళు మూసుకునేవారు. పేరు పెట్టి పిలిచినా తెరిచేవారు కాదు. "ఎంత బుద్ధిగ కూసున్నరు సిస్టర్!" అని నేను మెచ్చుకున్నాను. ఆమె నా వైపు కోపంగా చూసింది. "బుద్ధి కాదే. పోరగాండ్లు గింత సప్పుడు లేకుంట ఉన్నరంటే పాణమన్న బాగలేదు, భయమన్న పట్టుకున్నది" అన్నది.

భయమేనని త్వరలోనే తెలిసింది. గుడిసెల్లో దయ్యం తిరుగుతోందట. ఎప్పుడో ఒక బాలింత చెరుకులో నీళ్ళు దొరక్క నాలుక పిడచకట్టి చచ్చిపోయిందట. ఆమే నీళ్ళ కోసం వస్తుంది. బోర్లించిన కుండ కనిపిస్తే వేలితో తడుతుంది. లోపల పెద్దవాళ్ళెవరైనా పలికితే పోతుంది, పలకకపోతే లోపలికి వస్తుంది. పిల్లలు కళ్ళు తెరవకూడదు. ఎవరికీ చెప్పకూడదు, చెప్పారంటే తల్లి నెత్తురు కక్కుకుంటుంది. లోకంలో దయ్యాలకు అమావాస్య కావాలి, అర్ధరాత్రి కావాలి. దీనికి మిట్టమధ్యాహ్నం కావాలి. నేను నర్సునే గానీ దయ్యాలంటే హడలిపోయే నర్సును. ఇనుము దగ్గరుంటే దయ్యం రాదని మా నాయనమ్మ చెప్పేది కనుక, ఆ కథ విన్న రోజు సంచిలోని కత్తెర తీసి గుప్పిట్లో పట్టుకొని నడిచాను. సిస్టర్ చూసింది. "కత్తెర కాన్పులకు, దయ్యాలకు గాదు. లోపల పెట్టు, పరువు తీస్తున్నవ్" అని కసిరింది.

ఆ దయ్యం పట్టిందన్న పిల్లల్లో గంగు ఒకతె. ముందుపళ్ళు ఊడి కొత్తవి మొలుస్తున్న పిల్ల. వచ్చిన కొత్తలో మా వెంట తోకలా తిరిగి, నా సంచి మోస్తానని తగువు పెట్టుకునేది. కోతలు సగానికి వచ్చేసరికి మాట పడిపోయింది. తిండి మానేసింది, మళ్ళీ పక్క తడుపుతోంది. ఒళ్ళు చూస్తే జ్వరం లేదు. తల్లి సాయవ్వ మమ్మల్ని చూస్తే తల దించుకునేది. "గాలి సోకింది సిస్టరమ్మా" అని ఒక్కమాట అని మోపులు కట్టడానికి పోయేది. గుడిసెల పెద్దమనుషులు కూర్చొని తీర్పు చెప్పారు. పిల్లను జోగినిగా అమ్మవారికి విడిచిపెడితే దయ్యం వదులుతుంది, వచ్చే మంగళవారమే మంచిరోజు. గంగు తండ్రి సరేనన్నాడు. జోగిని అంటే తెలియనివాళ్ళ కోసం చెబుతున్నాను, అమ్మవారికి పెళ్ళి చేశామని పేరు, చేసేది మాత్రం ఆడపిల్లను జీవితాంతం ఊళ్ళో మగవాళ్ళకు వదిలేయడం. దయ్యం ఒక ఏడు పట్టి ఉండేది, ఇది చచ్చేదాకా పడుతుంది. పెద్దమనుషుల మధ్య ఆ మాట మొదట ఎత్తినవాడు కావలి మనిషి అని మాకు తర్వాత తెలిసింది.

ఆ కబురు విన్నాక సిస్టర్ చాయ్ తాగి కూడా ఎవరితోనూ మాట్లాడలేదు. మందు ఇస్తానని చెప్పి గంగును మా కేంద్రానికి రప్పించింది. సాయవ్వ పిల్లను దింపి పనికి పోయింది. ఆ రోజే కేంద్రానికి కొత్త కుండ వచ్చింది. ఎవరైనా చేసే పనే, సిస్టర్ దాన్ని చేతిలో నిలబెట్టి వేలితో తట్టింది. బెంచీ మీద కూర్చున్న గంగు జారి, గోడమూలకు పోయి, రెండు చేతులతో కళ్ళు మూసుకుంది. ఏడవలేదు. ఊపిరి కూడా బిగబట్టింది. నేను పట్టుకోబోతే సిస్టర్ చెయ్యి అడ్డం పెట్టి ఆపింది. కుండను దూరంగా దించి, తాను ఇంకో గోడ దగ్గర నేల మీద కూలబడింది. ఆ పెద్ద గొంతు అంత మెత్తగా పలుకుతుందని నాకు అంతవరకూ తెలియదు. "గంగూ, తట్టింది నేను బిడ్డా, ముసలిదాన్ని. ఇగ తట్ట. నువ్వేం చెప్పకు. నన్నెవ్వరు అడగమనలే. మీ అవ్వకేం గాదు, నేను సూసుకుంట." పిల్ల కదలలేదు. పొద్దు వాలేదాకా వాళ్ళిద్దరూ అట్లాగే ఎదురుబొదురు గోడలకు కూర్చున్నారు. తల్లి వచ్చి తీసుకుపోయాక సిస్టర్ లేచి చీర దులుపుకొని, "దయ్యానికి కుండల తోటి ఏం పని సుగుణా? తట్టేది మనిషి" అన్నది. నాకు దయ్యమన్నప్పటి కంటే ఆ మాటకే ఎక్కువ భయం వేసింది.

మర్నాటి నుంచి గుడిసెలు తిరిగాం. భేదులు వచ్చినప్పుడు ఆమె అడిగే ప్రశ్న ఒకటే, ఏ బావి నీళ్ళు తాగారు అని. ఇప్పుడూ అదే తీరున అడిగింది. "ఈ దయ్యం ముచ్చట నీకెవరు చెప్పిండ్రే?" వదిన చెప్పింది, అన్నారు. వదినను అడిగితే పక్కగుడిసె అవ్వ, ఆమెను అడిగితే మనవడు. ఎన్ని నోళ్ళు మారినా ప్రతి దారీ చివరికి ఒకరి దగ్గరే ఆగింది. "కావలి మామ చెప్పిండు." బాలింత దాహమూ, కుండ తట్టడమూ, కళ్ళు తెరవకూడదన్న షరతూ, అంతా ఆయన నోటి నుంచే వచ్చాయి. కంచే చేను మేస్తోందని ఆ రోజు నాకు అర్థమయింది. మేము తిరుగుతున్న సంగతి అతనికీ చేరినట్టుంది, ఎదురొచ్చాడు. ఉతికిన ధోవతి, నూనె రాసి దువ్విన జుట్టు, చూడటానికి ఎంతో మర్యాదస్తుడు. మా ఇద్దరికీ మంచం వాల్చాడు. "జర పైలం సిస్టరమ్మా. ఆడోళ్లు ఒంటరిగ తిరిగే జాగ గాదిది" అని నవ్వాడు. నవ్వుతూనే పక్కన గుమ్మం ముందున్న కుండను అలవాటుగా వేలితో తట్టాడు. గుడిసె లోపల ఏదో పాకుతున్న చప్పుడు వినిపించి, వెంటనే ఆగిపోయింది. సిస్టర్ అతని మొహం చూడలేదు. అతని వేలినే చూస్తూ ఉంది.

తిరిగి వస్తూ గట్టు ఎక్కాక ఆమె ఆగి వెనక్కి చూసింది. కింద గుడిసెలు, ప్రతి గుమ్మం ముందూ ఒక కుండ. చూస్తూ చూస్తూ అక్కడే మట్టిలో కూర్చుండిపోయింది. "కుండలు బయట పెట్టుమన్నది ఎవరే సుగుణా?" అని అడిగింది. "ఏ ఇంట్ల పోరి ఒక్కతి ఉన్నదో దూరం నుంచే కానొచ్చేటట్టు గురుతు పెట్టిచ్చిన. వానికి ఎతుకులాడే పనిగూడ లేకుంట చేసిన. నేనే." గొడుగు పక్కన పడేసి, కొంగు నోటికి అడ్డం పెట్టుకొని ఏడ్చింది. డాక్టర్లను దులిపేసేది, పటేళ్ళను నిలదీసేది, ఆమె అట్లా ఏడవడం నేను చూడలేకపోయాను. "మీరు కుండలు కడిగిచ్చినందుకే కద సిస్టర్ అంతమంది పిల్లలు బతికిండ్రు" అన్నాను. "బతికిండ్రు. ఒక గుంట పూడ్సి ఇంకో గుంట తవ్విన" అన్నది. ఆమె తప్పు కాదని నేను అప్పుడూ అనుకున్నాను, ఇప్పుడూ అంటాను. ఆమె మాత్రం ఆ మాట ఒప్పుకోలేదు.

మంగళవారం దగ్గర పడుతోంది. మేము సాయవ్వను వెతుక్కుంటూ చెరుకులోకి వెళ్ళాం. ఆమె చేతులు చెరుకాకు కోసుకొని పుండ్లు పడి ఉన్నాయి. సిస్టర్ నేల మీద కూర్చొని ఆమెతో పాటు మోపు కడుతూ, తనకు తెలిసింది చెప్పింది. సాయవ్వ చెయ్యి ఆపలేదు. మోపు బిగించి ముడి వేశాక అన్నది. "ఒకదినం పాణం బాగలేక నడుమ తిరిగొచ్చిన సిస్టరమ్మా. ఆయన మా గుడిసెల కెల్లి బయటికి ఎల్తుండె. కావలి తిరుగుతున్న అన్నడు. నా బిడ్డ దిక్కు సూసిన, ఆయన దిక్కు సూసిన. మల్ల చెరుకులకే వచ్చిన." నేను ఉండబట్టలేక "తెలిసి కూడ దయ్యమంటున్నవా?" అన్నాను. ఆమె నా వైపు తిరిగింది. ఆ చూపు నేను చచ్చేదాకా మరవను. "దయ్యమంటే మందిల తల ఎత్తుకొని తిరుగుతం. మనిషంటే యాడికి పోతమమ్మా? రేపు పని ఉంటదా? నా బిడ్డను ఎవరన్న చేసుకుంటరా? పోలీసోళ్లు వచ్చి నా బిడ్డను నిలబెట్టి అడుగుతరు, వాన్ని అడుగుతరా?" సిస్టర్ ఆమె పుండ్ల చేతులను తన చేతుల్లోకి తీసుకుంది. "సరే సాయవ్వా. దయ్యమే అందాం. దయ్యం పడితే పోరిని ఇయ్యాల్నా? దయ్యాన్ని సాగనంపరా?" అన్నది. సాయవ్వ మొదటిసారి ఏడ్చింది.

సాగనంపడం అక్కడి ఆచారం. ఊళ్ళో అమ్మవారు పోసినా, గత్తర అంటే కలరా వచ్చినా, ఆడవాళ్ళు చాటలూ చీపుర్లూ పట్టుకొని దాన్ని పొలిమేర దాటించి వస్తారు. అయితే పెద్దమనుషుల తీర్పు మార్చాలంటే అమ్మవారి తరఫున ఎవరైనా చెప్పాలి. మంగళవారం తంతు జరపవలసింది పోశాని అనే ముసలి జోగిని. సిస్టర్ శిలువ మెడలో వేసుకున్న మనిషి, అయినా గంగును వెంటబెట్టుకొని పోశాని గుమ్మం ముందు నిలబడి కుండల సంగతి చెప్పింది. పోశాని పిల్లను దగ్గరకు పిలవలేదు, గడప మీద కూర్చొని దూరం నుంచే చూసింది. మొహం నిండా పసుపు, కళ్ళు మాత్రం ఎటూ చూడనట్టుండేవి. ఆ ఇంట్లో సాంబ్రాణి పొగకు నాకు తల తిరుగుతోంది. "నన్ను విడిచిన్నాడు నేను గింతే ఉంటి" అన్నది చివరికి. "నాకు గూడ దయ్యం పట్టిందనే విడిసిండ్రు. ఆ దయ్యం మా పెదనాయన." ఆ మాట మామూలుగా, వాన పడేటట్టుంది అన్నంత మామూలుగా అన్నది. లేచి లోపలికి పోతూ, "పోరి మీద అమ్మవారు లేదు. మంగళారం ఆడోళ్లను కుండలు పట్టుకొని రమ్మను" అని చెప్పింది. నేను కళ్ళు తుడుచుకుంటుంటే సిస్టర్ వద్దనలేదు.

ఆ మంగళవారం పొద్దున ఒక్క ఆడది కూడా చెరుకులోకి పోలేదు. ముకద్దం గోల పెట్టాడు గానీ అమ్మవారి పని అన్నాక నోరు మూసుకున్నాడు. ముందు పోశాని వేపమండలతో, వెనక ఆడవాళ్ళంతా, ఒక చేతిలో కుండ, భుజాన కొడవలి. డప్పు లేదు, పాట లేదు. ప్రతి ఒక్కరూ నడుస్తూ కుండను వేలితో తడుతున్నారు. ఠంగు ఠంగుమని ఆ చప్పుడు చెరుకులోకి పోయి మళ్ళీ మా మీదికే వస్తున్నట్టుండేది. గుడిసెల్లో పిల్లలు ఒక్కొక్కరే గుమ్మాల దగ్గరికి వచ్చి, కళ్ళు తెరిచి చూశారు. పోశాని సరాసరి కావలివాడి మంచం ముందుకు పోయి ఆగింది. అతను నవ్వబోయాడు. ఎవరూ అతని పేరెత్తలేదు, ఒక్క తిట్టు తిట్టలేదు. "పో" అన్నది పోశాని, దయ్యాలతో మాట్లాడే గొంతుతోనే. "ఈ మట్టి నీది గాదు, ఈ నీళ్లు నీయి గావు. ఎన్కకు సూడకుంట పో." అతను మగవాళ్ళ వైపు చూశాడు. గంగు తండ్రి సాయవ్వ మొహం చూశాడు, కావలివాడి వైపు చూశాడు, పక్కకు జరిగి దారి ఇచ్చాడు. మిగతావాళ్ళూ జరిగారు. అప్పుడు అతని మొహంలో రంగు పోయింది. నడవడం మొదలుపెట్టాడు. ఆడవాళ్ళు తట్టుకుంటూ వెనకే నడిచారు. అతను అడుగు పెంచితే వీళ్ళూ పెంచారు. కాలువ వంతెన దాటేసరికి పరుగెత్తుతున్నాడు. కుండలన్నీ కాలువలో విసిరేసి, ఆచారం ప్రకారం వెనక్కి చూడకుండా తిరిగి వచ్చాం. నేను పిరికిదాన్ని కనుక చూశాను. దారి ఖాళీగా ఉంది. గాలి లేదు, అవతలి చేనులో ఒక్కచోట మాత్రం చెరుకు కదులుతోంది.

నేను సంబరంతో వచ్చి చాయ్ పెట్టాను. సిస్టర్ గ్లాసు ముట్టలేదు. "అమ్మవారిని పొలిమేర దాటిస్తే యాడికి పోతదే?" అని అడిగింది. "పక్కూరికి" అన్నాను. "మరి?" అన్నది. ఆ ఒక్క ప్రశ్నతో ఆ ఏడంతా నా కాళ్ళు అరిగాయి. రెంజల్ దాకా ఎక్కడ గుడిసెలు పడితే అక్కడికల్లా నడిచాం. జబ్బు గురించి చెప్పినట్టే చెప్పేది ఆమె, సిగ్గుపడకుండా, గొంతు తగ్గించకుండా. పిల్లలను ఒక్కొక్కరిని ఒక్కో గుడిసెలో విడవకండి, అందరినీ ఒక పందిరి కిందికి తేండి, ఒక తల్లిని వాళ్ళ దగ్గర ఉంచండి, ఆమె మోపులు మీరు తలా ఇన్ని కట్టి ఇవ్వండి, కుండలన్నీ ఆ పందిరి దగ్గరే బోర్లించండి. ముకద్దాలు ఒప్పుకోలేదు, జంట లేకపోతే కొడవలి లేదన్నారు. ఆమె వాళ్ళతో పోట్లాడిన తీరు రాస్తే ఈ కాగితం అంటుకుంటుంది. కొన్నిచోట్ల పందిళ్ళు లేచాయి, కొన్నిచోట్ల లేవలేదు. మా పై డాక్టరు ఒకసారి, "ఇది పోలీసు పని కద సిస్టర్, మన పనేంది?" అన్నాడు. "పోరగాండ్లు జబ్బు పడుతుండ్రు సార్. అదెక్కడి నుంచి వస్తున్నదో సూసుడు మన పని గాదా?" అన్నది.

గంగును జోగినిని చేయలేదు. మరుసటి ఏడు కోతలకు ఆ కుటుంబం మళ్ళీ వచ్చింది. పిల్లకు మాట వచ్చింది, బాగానే వచ్చింది, సిస్టర్ ఇచ్చే గోలీలు చేదని ఊరంతా చాటింపు వేసింది. అంతా మానిపోయిందని నేను అబద్ధం రాయను. పందిరి కింద పడుకున్నా వీపు స్తంభానికి ఆనించి గాని నిద్రపోయేది కాదు. సిస్టర్ ఎప్పుడూ ఆ పిల్ల వెనక నిశ్శబ్దంగా నడిచేది కాదు, దూరం నుంచే కేకేసి, తానెవరో చెప్పి, ఎదురుగా వచ్చేది. నాకూ అట్లాగే నేర్పింది.

ఉద్యోగం దిగిపోయాక ఆమె నిజామాబాద్‌లో తమ్ముడి ఇంట్లో ఉండేది. చివరి రోజుల్లో వెళితే మనుషుల పేర్లు మరిచిపోయింది గానీ ఒక్కో ఊరి పేరు చెప్పి, "అక్కడ పందిరి ఉన్నదా?" అని అడిగేది. ఉంది సిస్టర్ అనేదాన్ని. కొన్ని అబద్ధాలు ఆడాను, పాపం రాసుకుంటే రాసుకోనీ. ఆమె నాకు సూది వేయడం నేర్పింది, కాన్పు చేయడం నేర్పింది, అధికారులకు జవాబు చెప్పడం నేర్పింది. అవన్నీ ఇంకొకరైనా నేర్పేవారేమో. ఆమె పోయాక కూడా నేను చాలా ఏళ్ళు ఊళ్ళు తిరిగాను. ఎక్కడో ఒక ఇంట్లో ఒక తల్లి బిడ్డను ఒళ్ళో పెట్టుకొని, "గాలి సోకింది నర్సమ్మా, తిండి తింటలేదు, మాట్లాడుతలేదు" అనేది. నాతో వచ్చిన చదువుకున్న పిల్లలు ముసిముసిగా నవ్వేవారు. నేను నవ్వలేదు. దయ్యాలు లేవని కూడా చెప్పలేదు. కింద కూర్చొని అడిగేదాన్ని, ఇప్పటికీ మా వీధిలో ఎవరైనా వచ్చి చెప్పుకుంటే అదే అడుగుతాను. "అది ఎప్పుడు వస్తది అవ్వా? ఇంట్ల ఎవరు లేనప్పుడే వస్తదా?" చాలాసార్లు ఆ తల్లి బిడ్డ వైపు కూడా చూడదు, తల తిప్పి గుమ్మం వైపు చూస్తుంది. అప్పుడు నేను లేచి, తలుపు దగ్గరికి వేసి వచ్చి, మళ్ళీ ఆమె ఎదురుగా కూర్చుంటాను.